టైటిల్ చర్చిది, తాళంచెవి క్లాన్ మనిషిది: లారెన్స్ రెడ్‌నెక్ షాపు కేసు

రిజిస్ట్రేషన్ అయిపోయి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు దిగేటప్పుడు క్లయింట్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఇక ఇల్లు మాదే కదండీ?" చాలాసార్లు వెంటనే అవునంటాను. దస్తావేజులో ఎవరికైనా జీవితకాల అనుభవ హక్కు, అంటే బతికినంతకాలం ఆ ఆస్తిని వాడుకునే హక్కు, ఉంటే మాత్రం కాస్త తటపటాయిస్తాను. మాదే అంటే మాదే, కానీ ఇప్పుడే కాదు. ఈ ముక్క క్లయింటుకు అర్థమయ్యేలా చెప్పడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది.

నేను సివిల్ కేసులు చూసే అడ్వొకేట్‌ని. జూనియర్లకు జీవితకాల హక్కు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మన కోర్టుల తీర్పులతో పాటు, ఇక్కడిది కాని ఒక కేసు కూడా చెబుతుంటాను. అమెరికాలోని ఒక చిన్న ఊళ్లో, నల్లవాళ్ల మీద దాడులకు పేరుమోసిన తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ సామాను అమ్మే దుకాణాన్ని మూయించడానికి ఒక నల్లజాతి చర్చి పదహారేళ్లు పోరాడింది. దాన్ని అందరూ క్షమ గురించిన కథగా చెబుతారు. అది నిజమే. కానీ దస్తావేజులతో బతికేవాడికి అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఊరు

సౌత్ కరోలినా రాష్ట్రంలో లారెన్స్ అనే ఊరు. జనాభా సుమారు 9 వేలు. మధ్యలో పాత కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు వైపులా కొట్లు. ఊరికి హెన్రీ లారెన్స్ పేరు పెట్టారు. ఈయన 18వ శతాబ్దంలో చార్ల్‌స్టన్ రేవులో ఆఫ్రికా బానిసలను అమ్మి ఆస్తి కూడబెట్టిన వ్యాపారి. తర్వాత రాజకీయాల్లోకి వచ్చి, అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలపు ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడు కూడా అయ్యాడు.

క్లాన్ ఈ ఊరికి కొత్తగా వచ్చిందేమీ కాదు. అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే టెన్నెసీ రాష్ట్రంలో క్లాన్ పుట్టింది. ఆరేళ్లు తిరిగేసరికి సౌత్ కరోలినాలో దాని ఆగడాలు ఎంత ముదిరాయంటే, 1871 అక్టోబరులో అధ్యక్షుడు గ్రాంట్ ఆ రాష్ట్రంలోని తొమ్మిది కౌంటీల్లో (జిల్లాల్లో) హెబియస్ కార్పస్ హక్కునే, అంటే నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కునే, నిలిపేశాడు. ఆ తొమ్మిదిలో లారెన్స్ కౌంటీ ఒకటి. 1913లో రిచర్డ్ పకెట్ అనే నల్లజాతి యువకుణ్ణి మూక లాక్కెళ్లి రైలు వంతెనకు ఉరి వేసింది. ఆ తాడును ఎవరూ తీయలేదు. దశాబ్దాల తరబడి వంతెనకు అలాగే వేలాడింది. కింద రోడ్డు మీద నడిచే నల్లజాతి పిల్లలు దాన్ని చూస్తూ పెరిగారు. వాళ్లలో డేవిడ్ కెన్నెడీ ఒకరు. పకెట్ ఆయనకు ముందు తరాల బంధువు. ఈ కెన్నెడీయే తర్వాత న్యూ బిగినింగ్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ అయ్యారు. మన కేసులో వాది పక్షం ఆయనదే.

కోర్టు భవనం దగ్గరే ఎకో అనే పాత సినిమా హాలు ఉంది. మన దగ్గర నేల, బెంచి, కుర్చీ అయ్యాక చివర బాల్కనీ. బాల్కనీ టికెట్ కొన్నవాడిది వేరే దర్జా. అక్కడ లెక్క తిరగబడింది. తెల్లవాళ్లు కింద, నల్లవాళ్లు బాల్కనీలో. వర్ణ విభజన చట్టాలు పోయాయి, సినిమాలు ఆగిపోయాయి, హాలు పాతబడింది.

1996లో జాన్ హోవార్డ్ అనే ఆయన ఆ హాల్లో ఒక దుకాణం తెరిచాడు. ఈయన ఒకప్పుడు కరోలినా ప్రాంతాల క్లాన్‌కు 'గ్రాండ్ డ్రాగన్' హోదాలో నాయకుడు. దుకాణానికి రెడ్‌నెక్ షాపు అని పేరు పెట్టాడు. రెడ్‌నెక్ అంటే పొలంలో ఎండకు మెడ ఎర్రగా కమిలిన పేద తెల్లవాడు. తిట్టుగా పుట్టిన మాటను గర్వంగా తగిలించుకోవడం అక్కడ మామూలే. లోపల, అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండాలు, క్లాన్ ముసుగు దుస్తులు, నల్లవాళ్లను వెక్కిరించే రాతలున్న టీషర్టులు, స్టిక్కర్లు. వెనక భాగంలో క్లాన్ మ్యూజియం. సినిమా పేరు వేయాల్సిన బోర్డు మీద ఆ మ్యూజియం పేరు. రానురాను నియో నాజీల మీటింగులకు కూడా అదే చోటయింది.

కోర్టుకు వాయిదా కోసం వచ్చే ప్రతి నల్లజాతి మనిషీ ఆ బోర్డును చూడాల్సిందే. నా మట్టుకు నాకు ఈ కేసులో అన్నిటికంటే గుచ్చుకునేది ఇదే. న్యాయం అడగడానికి వచ్చే దారిలో ఆ కొట్టు.

ఏ చట్టంతో మూయిస్తారు?

జూనియర్లను మొదట ఇదే అడుగుతాను. వాళ్లు ఠక్కున భారతీయ న్యాయ సంహిత 196 అంటారు. పాత ఐపీసీలో 153ఎ. వర్గాల మధ్య ద్వేషం పెంచడం. మన దగ్గర ఇలాంటి కొట్టు పెడితే పోలీసులు వచ్చి షట్టర్ దింపించడానికి సాయంత్రం దాకా కూడా పట్టకపోవచ్చు. (అదే సెక్షన్‌తో మూయించకూడని నోళ్లు కూడా మూయిస్తారన్నది వేరే సంగతి. ఆ బాధ పడే క్లయింట్లు కూడా నాకున్నారు.)

అమెరికాలో ఆ దారి లేదు. వాళ్ల రాజ్యాంగం మొదటి సవరణ ప్రకారం, మాట ఎంత నీచమైనదైనా ప్రభుత్వం దాన్ని ఆపలేదు. అప్పటికప్పుడు హింస జరిగేలా రెచ్చగొడితే తప్ప. ఈ సూత్రాన్ని స్థిరపరిచిన 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ కేసులో నిందితుడు ఎవరనుకున్నారు? ఒహాయో రాష్ట్రానికి చెందిన ఒక క్లాన్ నాయకుడే. కింది కోర్టు వేసిన శిక్షను సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే క్లాన్ దుకాణానికి అండగా నిలిచే తీర్పు క్లాన్ మనిషి గెలిచిన తీర్పే. 1977లో ఇల్లినాయ్ రాష్ట్రం స్కోకీ ఊళ్లో, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు ఉండే వీధుల్లో నాజీలు ఊరేగింపు తీస్తామన్నప్పుడు కూడా చివరికి కోర్టులు ఆపలేదు. కాబట్టి అమ్మే సరుకు నచ్చలేదని మున్సిపాలిటీ లైసెన్సు నిరాకరిస్తే ఆ కేసు కోర్టులో నిలవదు.

క్లాన్ ఆస్తులను కోర్టు ద్వారా లాగేసిన సందర్భాలు లేకపోలేదు. 1981లో అలబామాలో ఒక నల్లజాతి యువకుణ్ణి క్లాన్ మనుషులు చంపి చెట్టుకు వేలాడదీశారు. అతని తల్లి బ్యూలా మే డొనాల్డ్ వేసిన నష్టపరిహారం దావాలో 1987లో జ్యూరీ 70 లక్షల డాలర్లు ఇవ్వాలంది. అంత సొమ్ము ఆ క్లాన్ సంస్థ దగ్గర లేదు. చివరికి తమ ప్రధాన కార్యాలయ భవనాన్నే ఆమె పేర రాసిచ్చింది. దాన్ని సుమారు 52 వేల డాలర్లకు అమ్మి ఆమె సొంతిల్లు కొనుక్కుంది. సౌత్ కరోలినాలోనే, 1995లో మాసిడోనియా బాప్టిస్ట్ చర్చిని తగలబెట్టిన క్లాన్ వర్గం మీద 1998లో జ్యూరీ 3 కోట్ల 78 లక్షల డాలర్ల తీర్పు ఇచ్చింది. 2000లో ఐడహో రాష్ట్రంలో ఏరియన్ నేషన్స్ అనే నాజీ ముఠా 20 ఎకరాల స్థావరాన్ని ఇలాగే పోగొట్టుకుంది.

ఈ మూడు కేసుల్లోనూ ముందు ఒక నేరం ఉంది. ఒక హత్య, ఒక దహనం, ఒక దాడి. దావా వేయడానికి వాటిలో కారణం దొరికింది. లారెన్స్‌లో అలాంటిది లేదు. ఒకాయన కొట్టు తెరిచి టీషర్టులు అమ్ముతున్నాడు, అంతే. గుండె రగిలిపోతుంది కానీ ప్లెయింట్‌లో (దావా పత్రంలో) కాజ్ ఆఫ్ యాక్షన్, అంటే దావాకు కారణం చెప్పే పేరాలో రాయడానికి ఏమీ ఉండదు.

కెన్నెడీ చేయగలిగిందల్లా చేశారు. కొట్టు ముందు నిలబడ్డారు, ఊరేగింపులు తీశారు, పత్రికలతో మాట్లాడారు. దుకాణం తెరిచిన కొత్తలోనే ఒక తెల్ల మనిషి వేరే ఊరి నుంచి వచ్చి తన వ్యాన్‌తో నేరుగా దాని ముందు భాగాన్ని గుద్దేశాడు. అరెస్టయింది అతనే. దుకాణం మళ్లీ తెరుచుకుంది.

వెయ్యి డాలర్లు

మైకేల్ బర్డెన్ క్లాన్ కుర్రాడు. హోవార్డ్‌ను తండ్రిలా చూసుకునేవాడు. ఆ పాత హాలును కొట్టుగా మార్చడంలో ఒళ్లు వంచి పనిచేసింది అతనే. హోవార్డ్ ఆ భవనాన్ని అతని పేర రాశాడు. కెన్నెడీని చంపాలని ఒక దశలో తాను అనుకున్నట్టు బర్డెన్ తర్వాత తనే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత బర్డెన్ జీవితంలోకి ఒకామె వచ్చింది. పిల్లలున్న మనిషి. క్లాన్ వదిలేస్తేనే నీతో ఉంటానంది. అతను వదిలాడు. దాంతో హోవార్డ్‌తో చెడింది, ఉంటున్న చోటు పోయింది, పని పోయింది. పిల్లలకు తిండి లేదు. ఆ స్థితిలో వాళ్లకు భోజనం పెట్టి, మోటెల్‌లో గది ఇప్పించింది కెన్నెడీ. తనను చంపాలనుకున్నవాడికి.

ఇక్కడ నాలోని వకీలు ఊరుకోడు. 1997లో బర్డెన్ ఆ భవనాన్ని కెన్నెడీ చర్చికి 1,000 డాలర్లకు అమ్మాడు. కోర్టు సెంటర్లో సినిమా హాలు, వెయ్యి డాలర్లకు. అమ్మినవాడు ఆకలితో, నీడ లేకుండా ఉన్నాడు. కొన్నవాడు అతనికి అన్నం పెడుతున్నాడు. ఎదుటి పక్షం నా దగ్గరికి వచ్చి ఉంటే నేను మొదట ఎత్తే అభ్యంతరం ఇదే. అనుచిత ప్రభావం. మన కాంట్రాక్ట్ చట్టంలో సెక్షన్ 16. ప్రతిఫలం తక్కువైనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు కానీ, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందా లేదా అని తేల్చేటప్పుడు కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని సెక్షన్ 25 వివరణ చెబుతుంది. అమెరికా కోర్టులు కూడా ధర చాలిందా లేదా అని మామూలుగా తవ్వవు. కానీ దీనావస్థ, నమ్మకం, తక్కువ ధర, మూడూ ఒకేచోట కనిపిస్తే ఏ జడ్జి అయినా కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదువుతాడు.

కెన్నెడీ పక్షాన ఒక గట్టి జవాబుంది. అన్నం పెట్టింది ముందు, అమ్మకం తర్వాత. భవనం ఇస్తేనే అన్నం అన్న షరతు లేదు. పైగా అప్పటికి ఆ భవనం బర్డెన్‌కు ఆస్తి కాదు, మెడకు గుదిబండ. ఎందుకంటే దాని మీద ఒక షరతు కూర్చుని ఉంది. హోవార్డ్ బతికినంతకాలం అందులో తన వ్యాపారం నడుపుకోవచ్చు.

మొత్తం కేసంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఆ ఒక్క వాక్యం

మన తెలుగు దస్తావేజుల్లో పాత లేఖరులు రాసే వాక్యం ఒకటుంది. "దాన వినిమయ విక్రయాది సర్వ స్వాతంత్ర్యములతో పుత్ర పౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనగలవారు." చదవడానికి పద్యంలా ఉంటుంది. క్లయింట్లకు అక్కడికి వచ్చేసరికి కళ్లు చెమరుస్తాయి. నేను మాత్రం దాని పై పేరాలో, కింది పేరాలో "అయితే" అనే మాట ఉందేమోనని వెతుకుతాను. "అయితే నా జీవితాంతం వరకు..." అని ఉందంటే పైన రాసిన స్వాతంత్ర్యాలన్నీ అటకెక్కినట్టే.

జీవితకాల హక్కును మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. తల్లిదండ్రులు పిల్లలకు సెటిల్మెంట్ రాసేటప్పుడు పెట్టుకునే చిన్న జాగ్రత్త అనుకుంటారు. అది చిన్నది కాదు. తెలుగు నేల మీది నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన తులసమ్మ కేసు, 1977 తీర్పు, మొత్తం ఈ తగాదాయే. మనోవర్తి కింద రాజీ పత్రంలో ఆమెకు కొన్ని ఆస్తులు పరిమిత హక్కుతో వచ్చాయి. అది పరిమితమా, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14(1) కింద సంపూర్ణమా? సంపూర్ణమే అంది కోర్టు. ఒక రాజీ పత్రంలోని ఒక షరతు. దాని మీద దేశమంతా నేటికీ వాదిస్తున్నారు.

లారెన్స్‌కు వస్తే, బర్డెన్ దగ్గర ఉన్నదాన్నే బర్డెన్ అమ్మగలడు. తన దగ్గర లేని హక్కును ఎవడూ ఇంకొకడికి ఇవ్వలేడు. షరతు అంటుకున్న భవనాన్ని అమ్మితే షరతుతో సహా చేతులు మారుతుంది. కాబట్టి 1997లో చర్చికి దక్కింది టైటిల్, అంటే యాజమాన్య హక్కు మాత్రమే. స్వాధీనం హోవార్డ్‌దే. లోపల కొట్టు యథాతథం. క్లాన్ దుకాణం ఉన్న భవనానికి నల్లజాతి చర్చి యజమాని అయింది, చర్చి భవనంలో క్లాన్ ముసుగులు అమ్ముడవుతున్నాయి. ఇంత విచిత్రమైన ఓనర్, అనుభవదారు జంటను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎవరూ పైకి అనరు. జీవితకాల హక్కు పోవాలంటే ఆ మనిషి పోవాలి. ఆదివారం నాడు శత్రువును ప్రేమించమని చెప్పే పాస్టర్‌ను, ఒక మనిషి చావు కోసం కాచుకునే స్థితిలో పెట్టింది ఆ వాక్యం. కెన్నెడీ దాని గురించి ఏమనుకున్నారో నేను ఊహించను. నా క్లయింట్లలో చాలామంది మాత్రం అలాంటి ఆస్తి వచ్చిన రెండో ఏటి నుంచే పెద్దాయన బీపీ ఎంతుందని అడగడం మొదలుపెడతారు.

పదిహేనేళ్లు

1997 నుంచి 2012 దాకా దుకాణం నడిచింది. హోవార్డ్ భవనాన్ని తనదిగానే చూసుకున్నాడు. చర్చి వాళ్లు యజమానులన్న సంగతి కాగితం మీదే ఉండిపోయింది. 2008లో చర్చి కోర్టుకెక్కింది.

పదకొండేళ్లు ఎందుకు ఆగారు అని జూనియర్లు అడుగుతారు. కోర్టు ఫీజు ఎవరు కడతారమ్మా అంటాను. చిన్న ఊరి చిన్న చర్చి అది. ఆదివారం కానుకల పళ్లెంలో పడే డబ్బుతో కరెంటు బిల్లు కట్టాలి, పేదలకు అన్నం పెట్టాలి, వకీలుకు కూడా ఇవ్వాలి. టైటిల్ డిక్లరేషన్ దావా అంటే ఏ దేశంలోనైనా ఏళ్ల వ్యవహారమే.

2011 డిసెంబరులో జడ్జి తీర్పు ఇచ్చారు. భవనం చర్చిదే. ఖర్చుల కింద 3,300 డాలర్లకు పైగా హోవార్డ్ చర్చికి చెల్లించాలి. ఆ అంకె చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. భవనాన్ని కొన్నది వెయ్యికి. అది మనదేనని రుజువు చేసుకోవడానికి అయిన ఖర్చు అంతకు మూడు రెట్లు.

హోవార్డ్ బతికి ఉండగానే, 2012లో రెడ్‌నెక్ షాపు మూతపడింది. హోవార్డ్ 2017లో చనిపోయాడు. అప్పటితో ఆ షరతు కూడా తీరిపోయింది.

ఈ మధ్యలో ఆ రాష్ట్రంలో ఇంకేం జరిగిందో కూడా చెప్పాలి. దక్షిణాది సైన్యపు జెండా సౌత్ కరోలినా శాసనసభ గుమ్మటం మీద 1960ల మొదటి నుంచి ఎగురుతూ వచ్చింది. ఎన్నో ఏళ్ల ఆందోళన తర్వాత 2000లో గుమ్మటం మీది నుంచి దించి అదే ఆవరణలో ఇంకో స్తంభానికి కట్టారు. 2015 జూన్ 17న చార్ల్‌స్టన్‌లో ఒక నల్లజాతి చర్చిలో బైబిల్ పాఠం జరుగుతుండగా ఒక తెల్ల కుర్రాడు తొమ్మిది మందిని కాల్చి చంపాడు. ఆ జెండా పట్టుకుని దిగిన అతని ఫొటోలు బయటికొచ్చాయి. జులై 10న జెండాను పూర్తిగా తీసేశారు. అమెజాన్, వాల్‌మార్ట్, ఈబే లాంటి కంపెనీలు కొద్ది రోజుల తేడాతో ఆ జెండా సరుకు అమ్మడం ఆపేశాయి. ప్రభుత్వం ఆపలేని అమ్మకాన్ని అమ్మేవాళ్లు తమంతట తాము ఆపవచ్చు. మొదటి సవరణ ప్రభుత్వం చేతులు కడుతుంది, కొట్టు యజమానివి కాదు, ఇంటి యజమానివి అంతకన్నా కాదు. లారెన్స్ చర్చికి ఈ సంగతి 1997లోనే తెలుసు. అందుకే ఇంటి యజమాని అయింది.

నేనైతే ఏం చెప్పేవాణ్ణి

ఇది రాయడానికి కాస్త ఇబ్బందిగా ఉంది.

1997లో కెన్నెడీ ఆ దస్తావేజు పట్టుకుని నా దగ్గరికి వచ్చారనుకుందాం. "సార్, కొనకండి" అనేవాణ్ణి. అనుమానం లేదు. స్వాధీనం రాదు. లోపల ఉన్నవాడు శత్రువు. ఎన్నేళ్లు బతుకుతాడో తెలియదు. రిపేర్లు చేయడు. జీవితకాల హక్కు ఉన్నవాడు ఆస్తిని పాడుచేయకూడదని వాళ్ల చట్టమూ చెబుతుంది, మన చట్టమూ చెబుతుంది. కానీ పైకప్పు కారుతుంటే చూస్తూ కూర్చున్నాడని రుజువు చేయడానికి లోపలికి వెళ్లాలి కదా, ఎవరు రానిస్తారు? అమ్మినవాడు రేపు మాట మార్చవచ్చు. లింకు డాక్యుమెంట్ల మీద తగాదా తప్పదు. ఆ వెయ్యి డాలర్లు చర్చి పైకప్పుకు పెట్టుకోండి, సార్. ఇదే నా సలహా అయి ఉండేది. ఫీజు కూడా తీసుకునేవాణ్ణి.

ఆ సలహా విని ఉంటే ఏమయ్యేది? బర్డెన్ ఆ భవనాన్ని ఇంకెవరికో అమ్ముకునేవాడు, లేదా తిరిగి హోవార్డ్‌కే చేరేది. హోవార్డ్ తర్వాత ఎవరు? ఆ హాల్లో మీటింగులు పెట్టుకున్న నియో నాజీలకు వారసత్వంగా పోయి ఉండేది. ఇవాళ్టికీ బోర్డు అలాగే ఉండి ఉండేది. ఏ చట్టమూ వాళ్లను కదిలించలేదు. పనికిరాదని నేను పక్కన పెట్టేసే ఆ కాగితమే మొత్తం వ్యవహారంలో చర్చి చేతికి దొరికిన ఒకే ఒక్క హక్కు. లోపభూయిష్టమైన హక్కు, పదిహేనేళ్లు ఆలస్యమయ్యే హక్కు, అయినా అదొక్కటే.

మంచి టైటిల్ దొరికేదాకా ఆగమని చెప్పడం మా వృత్తిలో అలవాటు. ఎదురుగా ఉన్నవాడు మంచి టైటిల్ ఎప్పటికీ ఇవ్వడని తెలిసినప్పుడు కూడా అదే చెబుతాం. ఈ కేసు చదివాక ఆ సలహాకు ముందు ఒక ప్రశ్న కలిపాను: ఇది కొనకపోతే ఎవరి చేతికి పోతుంది?

కొనమని చెప్పినా, కొన్ని పనులు అదే రోజు చేయించేవాణ్ణి. బర్డెన్‌కు విడిగా ఒక వకీలును పెట్టించి, అతని చేత వేరే అఫిడవిట్ రాయించేవాణ్ణి. అమ్మకానికి, అన్నానికి సంబంధం లేదని. హోవార్డ్‌కు వెంటనే నోటీసు పంపించేవాణ్ణి, టైటిల్ మాది, నువ్వు అనుభవదారువి మాత్రమే అని. పన్ను రశీదు ఎవరి పేర వస్తోందో ఏటా చూసుకోమనేవాణ్ణి. పదకొండేళ్లు నోరు మెదపని యజమాని టైటిల్ బలహీనపడదు కానీ, ఎదుటివాడి ధైర్యం బలపడుతుంది.

ఆ సామాను

ఇప్పుడు ఆ భవనాన్ని ఎకో ప్రాజెక్ట్ పేరుతో, జాతి ద్వేషపు చరిత్ర చెప్పే మ్యూజియంగా, అందరూ కలిసి కూర్చునే చోటుగా మార్చే పని సాగుతోంది. కెన్నెడీతో పాటు ఆ రాష్ట్రపు యువకులు కూడా ఇందులో ఉన్నారు.

కొట్టు మూతపడితే అందులోని సరుకును తగలబెట్టాలని మనకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ మిషిగన్ రాష్ట్రంలోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం ఉంది (వర్ణ విభజన కాలానికి అక్కడ జిమ్ క్రో అని పేరు). డేవిడ్ పిల్‌గ్రిమ్ అనే నల్లజాతి ప్రొఫెసర్ ఇలాంటి వస్తువులనే వేల సంఖ్యలో సేకరించి అక్కడ పెట్టారు. నల్లవాళ్లను కోతుల్లా, దొంగల్లా గీసిన బొమ్మలు, డబ్బాలు, ఆట వస్తువులు. కొట్లో ఉంటే వెక్కిరింత. ఆ అద్దాల వెనక ఉంటే సాక్ష్యం. వస్తువు మారలేదు, ఎవరి స్వాధీనంలో ఉందన్నదే మారింది. సివిల్ వకీలుకు ఇంతకంటే దగ్గరైన సంగతి ఉండదు. ఎగ్జిబిట్ ఏ-1 అని స్టాంపు వేసిన కత్తి ఇక కత్తి కాదు కదా.

మా ఆఫీసులో

ఈ కేసు నాకు ఇంత ఎందుకు పట్టిందో చెప్పి ముగిస్తాను.

చాలా ఏళ్ల కిందట ఒక పెద్దావిడ తన పెంకుటిల్లు మేనల్లుడికి సెటిల్మెంట్ రాస్తూ, వీధివైపు గది తన జీవితాంతం తనకే ఉండాలంది. డ్రాఫ్టు రాసింది నేనే. "సదరు గదిని నా ఇష్టానుసారం యథేచ్ఛగా అనుభవించుకొనగలదానను" అని రాశాను. బాగుందనుకున్నాను కూడా. ఏడాది తిరక్కుండా ఆవిడ ఆ గదిని తన తమ్ముడికి ఇచ్చింది. ఆయన అందులో వెల్డింగ్ షాపు పెట్టాడు. పొద్దున ఏడింటి నుంచి నిప్పురవ్వలు, గ్రైండర్ మోత. మేనల్లుడి కూతురు ఇంటర్ చదువుతోంది.

"ఇల్లు నాది కదండీ, నా ఇంట్లో ఈ మోత ఏమిటి?" అంటూ ఆయన దస్తావేజు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. యథేచ్ఛగా అన్న మాట కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. ఏం చెప్పను?

అప్పటి నుంచి జీవితకాల హక్కు రాసే ప్రతి డీడ్‌లో "నివాసార్థం మాత్రమే" అని రాయిస్తున్నాను. సంపూర్ణ హక్కు ఇచ్చేసి ఇలాగే వాడుకోవాలని ఆంక్ష పెడితే ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 11 కింద నిలవదు. పరిమిత హక్కు నిలుపుకునే చోట రాసుకోవచ్చు. ఇంకెవరికీ అద్దెకు ఇవ్వరాదు, వ్యాపారం చేయరాదు, పన్ను, సున్నం, రిపేర్లు ఫలానా వారివి, యజమాని మూడు నెలలకోసారి వచ్చి చూసుకోవచ్చు. ఇవన్నీ కలిపి నాలుగు లైన్లు. టైపిస్టు విసుక్కుంటాడు.

ఆ పెద్దావిడకు ఇప్పుడు 84 ఏళ్లు. గట్టిగా ఉంది. షాపు నడుస్తోంది. మేనల్లుడు ప్రతి సంక్రాంతికి అరిసెలు తెచ్చిపెట్టి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగుతాడు. "ఏమైనా దారి ఉందాండీ?" అని అడుగుతాడు.